రాయి చోటు

ఔటర్ హార్బర్ తవ్వుతున్న రోజులవి. తవ్విన బురదంతా ఎక్కడో ఒకచోట పొయ్యాలి. సముద్రం కింద ఏముందో చూడనివాడికి సముద్రమంతా ఖాళీ జాగాయే. అయినా ఒడ్డున ఉన్న జాలరి పేటవాళ్ళు గొడవ చేసేసరికి కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరు గురునాథరావు ఒడ్డుకు వచ్చి మ్యాపు పరిచాడు.

"మీ చేపల రాళ్ళెక్కడున్నాయో చూపించండి. అక్కడ పొయ్యం."

అందరూ దాలయ్య వైపు చూశారు. పడవలోంచి చూస్తే యారాడ కొండ మీది దీపస్తంభం ఒంటి తాటిచెట్టుకు వరసకొచ్చే చోట, నీటికింద దాలయ్య తాతల నాటి రాయి ఉంది. ఒకసారి చిక్కుకున్న లంగరు విడిపించడానికి దాని మీదికి మునిగాడు. కింద జాతరే! విసనకర్రల్లా విచ్చుకున్న ఎర్ర పగడాలు, ముట్టుకుంటే ముడుచుకుపోయే పూలలాంటి జీవాలు, సందుల్లో మీసాలాడించే పెద్ద రొయ్యలు, రాతిని కొరికే చిలక చేపలు, నోరు తెరుచుకుని కాపలా కాసే బొంత చేప. రాయే కదా అని కాలు పెడితే రంగు మార్చి జారిపోయింది ఎనిమిది కాళ్ళదొకటి. ఒకదాని ఇంట్లో ఇంకోదాని కాపురం. ఆ కాపురాల మీదే దాలయ్య కాపురం.

కానీ రాయి చోటు పరాయివాడికి చెప్పకూడదు. అడిగితే వేరే దిక్కు చూపాలి. పేటలో పాలతో పాటు తాగిన బుద్ధి అది.

"ఏటి బావా, సెప్పేత్తావేటి?" అని చెవిలో గొణిగాడు గవర్రాజు. పడవలో దాలయ్యకు తోడు అతనే.

"నానేటి ఎర్రోణ్ణా?" దాలయ్య ఉత్త బురదనేల ఉన్న ఉత్తరం వైపు చెయ్యి చాపాడు. "అల్లదిగో బాబూ, అక్కడే."

ఇంజనీరు అక్కడ గుండ్రంగా గీత గీశాడు. మాట తప్పలేదు. ఆ గీత లోపల చెంచాడు బురద పడలేదు.

వానలు వెలిశాక ఇద్దరూ రాయి మీదికి వెళ్ళారు. దీపస్తంభం, తాటిచెట్టు సరిగ్గా వరసకొచ్చాయి. లంగరు వేస్తే రాయి తగల్లేదు. మెత్తగా దిగబడింది. పైకి లాగితే నల్లటి బురద, అందులో విరిగిన ఎర్ర కొమ్మ ఒకటి.

గవర్రాజు దాన్ని నీళ్ళలో జాడించాడు. "నువ్వు సూపిన సోట పొయ్యనేదు గదా బావా. మాట మీద నిలబడ్డాడు, సచ్చినోడు." నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

తప్పు దాలయ్యదంటారా? అనండి. ముందు ఒక్క మాటైనా అడక్కుండా ఒడ్డు లాక్కుని నమ్మకాన్ని చంపేసి, తర్వాత అడగడానికి వచ్చినవాళ్ళనేమంటారు?

తిరిగొస్తుంటే ఎదురుగా పక్క పేట వరహాలు తెప్ప. "మావా! గాలం ఎక్కడేసినావు? సెప్పవేటి!"

దాలయ్య చెయ్యి తనంతట తనే లేచి ఉత్తరం వైపు చూపించింది.