ఫాదర్‌కి వినపడేలా

మా చెల్లికి దేవుడంటే భక్తి, మొగుడంటే ప్రాణం. ఈ రెండింటికీ పొత్తు కుదరని రోజు వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మరిది వడ్రంగి. ఏదో చిన్న ఆపరేషన్ కోసం రక్తపరీక్ష చేస్తే హెచ్‌ఐవి బయటపడింది. పెళ్లికి ముందు చేసిన తెలివితక్కువ పని ఫలితం. ఏదీ దాచకుండా చెల్లికి చెప్పి ఏడ్చాడు. అది కొన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత తనే వేళకు మాత్రలు ఇవ్వడం మొదలుపెట్టింది. అదృష్టం, దానికి సోకలేదు. మందులు బాగా పనిచేస్తున్నాయని పరీక్షల్లో తేలేదాకా కండోమ్ తప్పనిసరి అని డాక్టరమ్మ చెప్పింది.

అక్కడే వచ్చింది చిక్కు. పిల్లలు పుట్టకుండా అడ్డుపెట్టే సాధనాలు వాడడం పాపమని మా చర్చి బోధ. పెళ్లి చేసుకోబోయే జంటలకు ఆ పాఠం చెప్పేది మా చెల్లే. అది కండోమ్ వద్దనేసరికి మరిది తనకోసం ఒక ఇరుకు మంచం చేసుకుని ముందుగదిలో వేసుకున్నాడు. టీ గ్లాసు కూడా వేళ్లు తగలకుండా అందుకునేవాడు. తాకితే అంటుకునే జబ్బు కాదని నేను ఎంత మొత్తుకున్నా వింటేగా.

నాకసలే ముక్కు మీద కోపం. పైగా మందుల షాపులో పని. దగ్గు బిళ్లలు అడిగి, పక్కవాళ్లు వెళ్లేదాకా దిక్కులు చూసి, అప్పుడు అసలు సంగతి గొణిగే మొగుళ్లను రోజూ చూస్తాను.

"తీసుకెళ్లి వాడండే పిచ్చిమొహమా. ఫాదర్ వచ్చి చూస్తాడా ఏంటి?" అన్నాను.

"ఫాదర్ చూడకపోతే పాపం కాకుండా పోతుందా అక్కా? పదిమందికి చెప్పిన మాట నేనే తప్పితే ఎలా?"

"మరి ఆ మనిషిని అలా వదిలేస్తావా?"

అప్పుడు ఏడ్చింది. "ఆయన పక్కన లేకపోతే నాకు నిద్ర పట్టడం లేదక్కా" అంది.

చివరికి పాపసంకీర్తనంలో, అదే చేసిన పాపాలు చెప్పుకునే గదిలో, ఫాదర్‌నే అడుగుతానంది. నేను తోడు వెళ్లాను. మా ఫాదర్‌కి చెవుడు. ఆయనకు వినపడేలా చెబితే బయట వరుసలో ఉన్న అందరికీ వినపడుతుంది. అందుకని ఎవరు లోపలికి వెళ్లినా మిగతావాళ్లం గట్టిగా పాట ఎత్తుకుంటాం. ఎవరి పాపాలు వాళ్లకే దక్కాలి కదా. ఆ రోజూ ఎత్తుకున్నాం. కానీ మా చెల్లి గోడు పాటకంటే పొడుగైంది. చరణాలన్నీ అయిపోయాయి. ఇంకో పాట ఎవరు ఎత్తుకోవాలా అని మొహమొహాలు చూసుకుంటుండగా లోపల్నుంచి దాని గొంతు వచ్చింది.

"మా ఆయనకు హెచ్‌ఐవి ఫాదర్. కండోమ్ వాడితే పాపమా?"

వరుసంతా కొయ్యబారింది. ఇక పాడినా లాభం లేదు.

ఫాదర్ జవాబూ బయటికి అలాగే వినపడింది. ఆయనకు తన గొంతు ఎంత పెద్దదో తెలియదు.

"బోధ మార్చడానికి నేనెవర్నమ్మా? ఇలాంటి జబ్బు విషయంలో పెద్దపెద్ద చదువులు చదివినవాళ్లే తలో మాటా అంటున్నారు. నువ్వు బిడ్డల్ని వద్దనుకుంటున్నావా?"

"లేదు ఫాదర్. జబ్బు వద్దనుకుంటున్నా."

"అయితే నిన్ను కాపాడుకోవాలనుకునే మొగుణ్ణి పాపి అనడానికి నాకు నోరు రావడం లేదు. ప్రార్థన చేసుకుని నీ మనస్సాక్షిని అడుగు. ఆయన్ని మాత్రం ఒంటరివాణ్ణి చెయ్యకు."

చెల్లి బయటికొచ్చి మా మొహాలు చూడగానే సంగతి గ్రహించింది. పాలిపోయింది. వరుసలో ఒక ముసలావిడ ఉంది, నోటి దురుసులో నన్ను మించినావిడ. దాని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ ఆయన చేసిన తలుపు ఇప్పటికీ చక్కగా పడుతోందమ్మా. కిటికీలు కూడా ఆయనే చెయ్యాలి. రేపు రమ్మను" అంది. ఆవిడ మీద నాకు ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

మర్నాడు సాయంత్రం షాపు నిండా జనం. చెల్లి వచ్చింది. వెనకే, గుమ్మం దగ్గర, తల దించుకుని మరిది.

"అక్కా, ఒక కండోమ్ ప్యాకెట్ ఇవ్వు" అంది, ఉప్పు అడిగినంత మామూలుగా.

ఇచ్చాను. అది తీసుకుని వెనక్కి తిరిగితే మరిది కదల్లేదు.

"భయంగా ఉంది వదినా. నా వల్ల దీనికి ఏమైనా అయితే నేను బతకను" అన్నాడు.

"సరిగ్గా వాడి, మాత్రలు మానకుండా వేసుకుంటే ఏమీ కాదు" అన్నాను. ఎంత మెల్లగా చెప్పానో నాకే ఆశ్చర్యమేసింది. ఆయన మొహంలో భయం మాత్రం పోలేదు.

చెల్లి దగ్గరికెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. "మీరు దూరంగా ఉంటే మాత్రం నేను బతుకుతున్నాననుకున్నారా? పదండి ఇంటికి" అంది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏం కావాలో త్వరగా చెప్పమని తర్వాతి మనిషిని కసిరాను.