ట్యాంకు నిండేదాకా మౌనం

అసలు ఇంధనం అన్న మాటలోనే ధనం దాక్కుని ఉంది కదా, ఈ ముక్క పైకి అనేస్తే ఎంత హాయిగా ఉండును, వినడానికి కారులో మా ఆవిడ తప్ప ఎవరూ లేరు, అనొద్దన్నదీ ఆవిడే, బయల్దేరేముందు తాళం వేలికి తగిలించి తిప్పుతూ తేల్చేసింది, ఏమండీ, ఇవాళ బండి నాది, పెట్రోలూ నేనే పట్టుకుంటా, ఇంటికి తిరిగొచ్చేదాకా మీరు నోరు విప్పారో, ఈ తాళం మీ చేతిలో పెట్టేసి ఆ టైలరింగ్ స్కూలుకి ఫోన్ చేసి రేపట్నుంచి రానని చెప్పేస్తా, తర్వాత నన్ను బతిమాలొద్దు, అంది, అన్నంత పనీ చేసే మనిషి, ఆ స్కూలు ఊరవతల ఉంది, అక్కడికి బస్సు లేదు, బస్ స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడో అరిచి చెప్పే నాకు ఆ సంగతి తెలియదా, ఇంట్లో నా పేరు కూడా మైకే, ముందు గదిలో కిటికీ పక్కన మిషన్ తొక్కుతూ ఇన్నేళ్ళు గడిపిన మా ఆవిడని ఆ స్కూలువాళ్ళు పిలిచి మా పిల్లలకి కటింగ్ నేర్పమ్మా అన్నారు, ఆ రోజునుంచి ఆవిడ మొహం చూడాలి, కారు వెడల్పు టేపుతో కొలిచింది, గేటు వెడల్పు కొలిచింది, అటూ ఇటూ కుట్టుకి వదిలినంత చోటు ఉందిలెండి అని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది, అంచేత ఇప్పుడు నేను నోరు జారితే పోయేది నా పరువు కాదు, ఆవిడ ఉద్యోగం, కనుక మాట్లాడను, స్టీరింగు కాస్తా స్త్రీరింగు అయిందని కూడా అనను, ఎంత త్యాగమో చూడండి.

బంకులోకి ఎంత నెమ్మదిగా మలుపు తిప్పిందో, బట్ట మీద సుద్దముక్కతో గీత గీసినట్టు, ఎవరి పెట్రోలు వాళ్ళే పట్టుకోవలసిన బంకు, ట్యాంకు మూత సరిగ్గా పంపు పక్కకి వచ్చేలా ఆపింది, ఇంజను ఆపింది, హ్యాండ్ బ్రేకు లాగింది, ఫోను సంచిలో పడేసి సంచిని వెనక సీట్లోకి గిరాటేసింది, నా వైపు వేలు చూపించి, కూర్చోండి, దిగొద్దు, అంది, కూర్చున్నాను, పెట్రోలు బంకులో నా రోలు ఇంతే, పంపు మీద అతికించిన బొమ్మలు చదువుకుంటున్నాను, బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేను, ఉద్యోగం అలాంటిది, సిగరెట్టు మీద అడ్డగీత, ఫోను మీద అడ్డగీత, పెట్రోలు పడుతుండగా మళ్ళీ కారెక్కి కూర్చోకండి, కూర్చుంటే పెట్రోలు పోసే గన్ను ముట్టుకునేముందు దానికి దూరంగా కారు ఇనుము తాకండి, ఒంట్లో పుట్టే కరెంటు నుంచి చిన్న రవ్వ లేస్తే చాలు, పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది, ఆవిరికీ ఆవిడకీ ఒక్క అక్షరమే తేడా, రెండిటి దగ్గరా నిప్పుతో ఆటలు కూడదు, ఆహా, ఇంత మంచి ముక్క గొంతులోనే ఉండిపోయిందే, ఆవిడ మాత్రం నిదానంగా మూత తిప్పి తీసింది, గన్ను ట్యాంకులో పెట్టింది, మీట నొక్కి కొక్కెం తగిలించింది, చేతులు కట్టుకుని అంకెల వంక చూస్తూ నిలబడింది, బీరువా అద్దం ముందు కూడా ఆవిడ అంత నిటారుగా నిలబడగా చూడలేదు, పొడి చలిగాలి వీస్తోంది, స్వెట్టరు మెడదాకా లాక్కుంది, వెనక కారాయన హారన్ కొట్టకుండా ఓపిగ్గా ఉన్నాడు, నాకు భలే సుఖంగా ఉంది, ఈ పక్క సీటు ఇంత మెత్తగా ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియనే లేదు.

అయితే ఆ మూత, మూతని ఎక్కడ పెట్టింది, ఇందాక నా నెత్తిమీద కారు కప్పు టక్కుమంది, అక్కడ పెడితే మర్చిపోతుంది, మర్చిపోతే దారిలో ఎక్కడో దొర్లిపోతుంది, చెప్పాలి, చెప్పకూడదు, నోరు విప్పొద్దంది గానీ చేతులు కట్టెయ్యమనలేదుగా, వంగి ఆవిడ వైపు అద్దం మీద వేలితో కొట్టాను, ఆవిడ తొంగి చూసింది, నేను పైకి చూపించి, మూత తిప్పినట్టు వేళ్ళు గుండ్రంగా తిప్పాను, ఆవిడ మొహం పాలిపోయింది, గబుక్కున తలుపు తీసి తన సీట్లోకి వచ్చి కూలబడింది, ఏమైందండీ, కళ్ళు తిరుగుతున్నాయా, పొద్దున బీపీ మాత్ర వేసుకున్నారా, అని నా నుదుటి మీద చెయ్యి వేసింది, తల అడ్డంగా ఊపాను, మళ్ళీ పైకి చూపించాను, పైకేంటండీ, పైకి పోతానంటారా, అప్పుడే ఎక్కడికి, నా మొదటి జీతమన్నా చూసి పోండి, అంది, నేను గాల్లోనే ఒక సీసా పట్టుకుని దాని మూత బిగించి చూపించాను, ఓహో, మూతా, కప్పు మీదుంది లెండి, నాకు గుర్తుంది, ఈమాత్రానికి నా గుండె ఆగినంత పని చేశారు, మైకుకి వైరు పీకేస్తే ఇంతే మరి, అని పకపకా నవ్వుతూ సీటు మీంచి జారి దిగింది.

జారింది, ఆ జారడమే, బొచ్చు సీటు కవరుకి స్వెట్టరు రాసుకుని చిటపటలాడిన చప్పుడు నా చెవిన పడింది, ఈ చలి మొదలైనప్పట్నుంచీ ఆ సీటు దిగి తలుపు తాకినప్పుడల్లా వేలికి చురుక్కుమంటూనే ఉంది, రవ్వ కంటికి కనిపించిన రోజూ ఉంది, ఆవిడ మోచేత్తో తలుపు తోసింది, అది సగమే పడింది, అవతల గన్ను టక్కున ఆగింది, ట్యాంకు నిండింది, ఆవిడ చెయ్యి చాపుతోంది, నేరుగా గన్ను వైపే, అక్కడే ఆవిరి, నేను నోరు మూసుకున్నందుకే కదా ఆవిడ కారెక్కింది, ఒక్క మాట అంటే ఉద్యోగం పోతుంది, అనకపోతే, అనకపోతే, నా బుర్రలో ఒక్క చమత్కారం లేదు, మాటకి జత మాట లేదు, ఆగు, తలుపు తాకు, ముందు తలుపు ఇనుము తాకు, అని అరిచాను, ఎంత అరిచానంటే అవతలి పంపు దగ్గరున్న ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి కూడా తన కారు తలుపు తాకాడు.

చిటుక్కుమంది, గన్ను దగ్గర కాదు, తలుపు అంచు దగ్గర, అబ్బా అని వేలు విదిలించుకుంది, ఆ వేలిని చూసుకుంది, గన్నుని చూసింది, అరచెయ్యి మొత్తం ఇంకోసారి ఇనుముకి ఆనించి, అప్పుడు వెళ్ళి గన్ను తీసి పంపుకి తగిలించింది, మూత బిగించింది, వచ్చి కూర్చుంది, ఇక తాళం ఇచ్చేస్తుంది, అయిపోయింది, అనుకుని అరచెయ్యి చాపాను, ఆవిడ తాళం తిప్పింది, ఇంజను లేచింది, బంకు దాటి రోడ్డెక్కింది, ఆ చెయ్యేంటి, అడుక్కుంటున్నట్టు, తీసెయ్యండి, రేపు స్కూలుకి నేనొక్కదాన్నే వెళ్తా, మీరు తోడు రానక్కర్లేదు, అంది, మరి మాట్లాడేశాను కదా అన్నట్టు చూశాను, మాట్లాడితే ఏం, మీరు ఆగులో ఆ అనగానే ఆగిపోయా, తలుపు మాట వినపడకముందే ఆగిపోయా, మీ జోకుల గొంతు వేరు, అది వేరు, ఆమాత్రం తెలీదా నాకు, అంది, అద్దంలో వెనక చూసుకుంటూ గేరు మార్చింది, కారు సాఫీగా పోతోంది, ఇన్నేళ్ళూ నా మాటలు ఆవిడ మిషన్ చప్పుడులో కొట్టుకుపోతున్నాయనుకున్నాను, తలెత్తకుండా ఊఁ కొడుతుంటే వినడం లేదనుకున్నాను, వినడం లేదనే ఇంకా పెద్దగా అరిచాను, కాదు, ఆవిడ ప్రతి మాటా వింది, బట్టని వేళ్ళ మధ్య నలిపి చూసినట్టు ఒక్కొక్కటీ చూసి, ఏది నవ్వి వదిలెయ్యాలో ఏది పట్టుకోవాలో ఎప్పటికప్పుడు తెలుసుకుంటూనే ఉంది, ఇంక నేను అంత గట్టిగా మాట్లాడనక్కర్లేదు.