వెండి పతకంలో నా ముక్కు

ఇలా రావే చిట్టీ, ఆ దిండు లాక్కుని నా పక్కన కూర్చో. మీ అక్క వెండి పతకం సంగతి చెబుతాను. ఒక్క ముక్క కల్పించను, నేనక్కడే ఉన్నానుగా!

నగల పని నేర్చుకున్నాక మీ అక్క తన చేత్తో చేసిన మొదటి పతకం అది. నున్నటి బిళ్ల, అంచు చుట్టూ చిన్న చిన్న ఆకులతో సన్నటి తీగ. ఎంత మెరుగు పెట్టిందంటే, దాని ముందు మన గోడ అద్దం దిగదుడుపే. నగల కొట్టు యజమానురాలు ఫోన్ చేసి, "పదకొండింటికల్లా మంచి ఫొటో పంపమ్మా. నచ్చితే నా అద్దాల బీరువాలో పెడతాను. ఆలస్యమైతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను" అంది.

పది దాటింది. మీ అక్క నలభై ఫొటోలు తీసింది. అన్నిట్లోనూ నడిమధ్యన నల్లటి మరక!

"అమ్మమ్మా, నా పతకానికి మచ్చ పడిందే!" అని బావురుమంది.

కళ్లజోడు పెట్టుకుని ఫోన్‌లోకి తొంగిచూశాను. "మచ్చ కాదే పిచ్చిదానా, నీడ" అన్నాను.

ఆ ఒక్క మాటతో కొంప మునిగింది. నీడ పోవాలంటే వెలుగు కావాలి కదా అని బల్లమీది దీపం తెచ్చింది, టార్చి తెచ్చింది, ఫోన్ ఫ్లాష్ వేసింది. వెలుగు పెరిగేకొద్దీ మరక ఇంకా తేటపడింది.

"అమ్మమ్మా! మచ్చకి ముక్కొచ్చింది!"

"ఆ ముక్కు నాదేనే! అద్దంలో మన నీడ చూసుకోమూ? ఆ నీడ! పతకంలో మనిద్దరి మొహాలే పడుతున్నాయి."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా! ఇంట్లో దీపాలన్నీ మోశాను!"

"నన్ను చెప్పనిచ్చావా తల్లీ?"

గడియారం పదీ నలభై. దండెం మీది తెల్ల దుప్పటి లాక్కొచ్చాను. దీపాలన్నీ ఆర్పించి, కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేసి, వాటిమీద దుప్పటి కప్పి, లోపల బూడిదరంగు అట్టమీద పతకం పెట్టాం. పతకంలో ఇక తెల్ల దుప్పటి తప్ప ఇంకేం కనిపిస్తుంది?

"బాగానే ఉంది, ఫోన్ ఎలా దూరుతుంది?" అంది మీ అక్క.

దుప్పటి తిప్పి చిరుగు చూపించాను. మూడు నెలలుగా అది కుట్టమని నా ప్రాణం తోడేస్తోంది, నేను రేపు రేపంటూ దాటేస్తున్నాను. ఫోన్ కంటిని కొంగుతో తుడిచి ఆ చిరుగులో పెట్టాను. ఫోన్ నీడ కూడా పడకుండా మీ అక్క కాస్త పక్కకి వంచింది. బొమ్మ తేటగా రావాలని తెరమీద తీగ దగ్గర వేలు తాకించి, ఊపిరి బిగబట్టి, టక్కున నొక్కింది.

అబ్బ! పాలనురగలా వెండి, ఆకు ఆకుకీ ఈనె!

పదీ యాభై రెండుకి పంపింది. ఇద్దరం ఫోన్‌ని మింగేసేలా చూస్తూ కూర్చున్నాం. మోగింది!

"పతకం బీరువాలో ముందు వరసలోనే పెడతాను. ఇంతకీ ఏ స్టూడియోలో తీయించావమ్మా?"

"మా అమ్మమ్మ దుప్పట్లో అండీ!" అని అరిచి, నన్ను పట్టుకుని గిర్రున తిప్పేసింది మీ అక్క. ఆ చిరుగు జోలికి సూదితో వెళ్లొద్దని నాచేత ఒట్టు కూడా వేయించుకుంది.

ఇది గుర్తుంచుకోవే చిట్టీ. నీ నేస్తాలకీ చెప్పు. దుప్పటి సంగతి, నీడ సంగతి ఉన్నదున్నట్టు చెప్పు. నా ముక్కు మాత్రం కొంచెం చిన్నది చేసి చెప్పు.