జహీరాబాద్ వెళ్ళిన సీతాబాయి

తెల్లాపూర్‌లోని మా వృద్ధాశ్రమంలో రెండో అంతస్తు బాధ్యత నాది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. చెప్పిన పని చెప్పినట్టు చేయడం నాకు అలవాటు. చేరిన రోజే మేనేజర్ రేఖ మేడం ఒక నియమం చెప్పారు. ఎవరైనా చనిపోతే ఆ మాట మిగతావాళ్ళ ముందు అనకూడదు, బంధువుల ఇంటికి వెళ్ళారని చెప్పాలి. లేకపోతే భయపడి అన్నం మానేస్తారన్నారు. నాకూ నిజమేననిపించింది.

సీతాబాయిగారు సోమవారం ఆస్పత్రిలో చనిపోయారు. నాలుగేళ్ళుగా ఆమెతో ఒకే గదిలో ఉన్న పద్మావతిగారికి, మేనకోడలు వచ్చి జహీరాబాద్ తీసుకెళ్ళిందని చెప్పాను. ఆమె సరే అన్నారు. సీతాబాయిగారి దుప్పటి మాత్రం మడత పెట్టనివ్వలేదు.

శనివారం సినిమాకు వెళ్ళాం. వృద్ధాశ్రమం మీద నవ్వించే సినిమా ఒకటి తీసినవాళ్ళు, విడుదలకు ముందు అసలైన పెద్దవాళ్ళకు చూపించాలని మమ్మల్ని మదీనాగూడలో ఒక థియేటర్‌కి పిలిచారు. నాకొక ఫారం ఇచ్చారు. మావాళ్ళు ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఏడ్చారో అందులో రాయాలి. పదకొండు మందిని మినీ బస్సులో తీసుకెళ్ళాను.

సినిమాలో ఒక ముసలాయన చనిపోతాడు. అన్నగారింటికి వెళ్ళాడని నర్సు చెబుతుంది. మిగతావాళ్ళు అది నమ్మి, ఆయన మరిచిపోయిన కట్టుడు పళ్ళు పార్శిల్ చేస్తామని అడ్రసు కోసం ఆమె వెంట పడతారు. ముందు వరుసల్లో సినిమావాళ్ళు పగలబడి నవ్వారు. మావాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు. పదకొండు తలలూ నావైపు తిరిగాయి. తర్వాత నిజం తెలిసి అందరూ ఖాళీ మంచం చుట్టూ చేరి ఏడ్చే సీన్ వచ్చింది. దానికి మావాళ్ళు నవ్వారు. ఎల్లేశంగారికైతే నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వారని ఫారంలో రాసి, మళ్ళీ కొట్టేశాను. నాకే అర్థం కానిది వాళ్ళకేం రాసిస్తాను?

తిరిగి వస్తుంటే లింగంపల్లి దగ్గర బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. పద్మావతిగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"సీత జహీరాబాద్‌లో ఉందంటావు."

"అవునండి."

"నర్సయ్యగారు కూడా కూతురింటికే వెళ్ళారన్నావు, దసరా ముందు."

వెనక సీటులోంచి ఎల్లేశంగారు అందుకున్నారు. "ఇగ ఆయన గూడ పోయిండన్నట్టే గద సారు. మాకు తెల్వదా ఏంది?"

బస్సంతా నవ్వింది. నాకు రోషం వచ్చింది. నర్సయ్యగారు నిజంగానే సిద్దిపేటలో కూతురింట్లో ఉన్నారు. ఆయన సంచి కారు దాకా మోసింది నేనే. ఈ ఏడాది నేను చెప్పినవాటిలో అదొక్కటే నిజం. దాన్నీ వీళ్ళు అబద్ధాల్లో కలిపేస్తున్నారు. వెంటనే ఆయనకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"ఎవలు? మధుకర్ సారా? మంచిగున్న సారు. నా బిడ్డ జర ఉప్పు తక్కువేస్తది, గంతే."

అందరూ ఒకేసారి మాట్లాడారు. ఒకావిడ చప్పట్లు కొట్టింది. నేను గెలిచినవాడిలా పద్మావతిగారి వైపు చూశాను. ఆమె రెండు చేతులతో నా మోచెయ్యి పట్టుకున్నారు.

"అయితే నువ్వు నిజమే చెప్పావా బాబూ? నేనే పిచ్చిదాన్ని. అది పోయిందనుకుని సోమవారం నుంచీ బాత్‌రూంలో కొళాయి తిప్పుకుని ఏడుస్తున్నాను. దానికీ ఫోన్ చెయ్యి. ఒక్కసారి గొంతు విని పెట్టేస్తాను."

జహీరాబాద్ నంబరు నా దగ్గర ఉంది. శవాన్ని తీసుకెళ్ళిన మేనకోడలిది. కలవడం లేదని చెప్పొచ్చు. ఈసారి ఆమె నమ్ముతారు కూడా. నమ్మేలా చేసింది నేనే. ఏడుపు మానేసి రోజూ ఫోన్ కోసం ఎదురుచూస్తారు. ఆ ఏడుపు మంచిదో ఈ ఎదురుచూపు మంచిదో నాకు తేలలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో రేఖ మేడం చెప్పలేదు.

నర్సయ్యగారు ఇంకా లైన్లోనే ఉన్నారు. సీతక్కకు ఒకపారి ఫోనియ్యమంటున్నారు.

"ఆమె లేరండి," అన్నాను పద్మావతిగారితో. "సోమవారం పొద్దున ఆరున్నరకి పోయారు. మేనకోడలు ఊరికి తీసుకెళ్ళింది. మీకు అబద్ధం చెప్పాను."

ఆమె చేతులు తీయలేదు. బస్సు కదిలింది.

"ఆయనకీ చెప్పు," అన్నారు, ఫోన్ వైపు చూస్తూ.

చెప్పాను. హారన్ల మోతలో నర్సయ్యగారికి వినపడలేదు. ఏమన్నవ్ సారూ అని అడిగారు. ఇంకోసారి, గట్టిగా చెప్పాను.