‘గారు’ అన్న ముక్క

శనివారం మధ్యాహ్నమైతే, విదేశంలో టూంగాబీ అనే పేటలో శ్రీపతి ఇంటి గరాజ్‌లోంచి కారు బయటికి వెళ్ళేది, పేకాట బల్ల లోపలికి వచ్చేది. మగవాళ్ళకు అక్కడ పోకర్, ఆడవాళ్ళకు వంటింట్లో రమ్మీ. ఈ ఏడు శ్రీపతి భార్య మంగళ తన కుర్చీ తానే మోసుకొచ్చి మగవాళ్ళ మధ్య వేసుకుంది.

ఎవరూ కాదనలేదు. పైగా మర్యాద చేశారు. ఆ మర్యాదే ఆమె ప్రాణం తీసేది. శ్రీపతి స్నేహితుడు ఉపేంద్ర, “చూడండి వదినా” అంటూ ఏ ముక్క దేనికంటే పెద్దదో ప్రతివారం మొదటినుంచీ చెప్పేవాడు. ఆమె పందెం కాసే ప్లాస్టిక్ బిళ్ళలు ముందుకు తోస్తే చాలు, అందరూ ఆ ఆట వదులుకుని ముక్కలు పడేసేవారు. చేతిలో ఏమీ లేకుండా ఆడవాళ్ళు దబాయించరని వాళ్ళ నమ్మకం. గెలిస్తే అదృష్టమనేవారు, ఓడితే పాపమనేవారు. ఒక్కరైనా తనతో నిజంగా ఆడితే బాగుండునని ఆమెకు ఉండేది.

ట్రుగనీనా అనే ఊళ్ళో జరిగే తెలుగు సంఘాల పోకర్ పోటీకి వీళ్ళలో ఒక్కరే వెళ్ళాలి. అది తేల్చడానికి పెట్టుకున్న శనివారం చివరిదాకా నిలిచినవాళ్ళదే అవకాశం. శ్రీపతితో సహా అందరూ ఓడి లేచాక మంగళా ఉపేంద్రా మిగిలారు.

“మా ఆయన మీద జాలిపడకక్కా, అసలే పొగరెక్కి ఉన్నాడు,” అంది ఉపేంద్ర భార్య హరిప్రియ గుమ్మంలోంచి.

మంగళ చేతిలో ఉన్నది ఒక్క ఎనిమిదుల జత. బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో రాజూ రాణీ దర్జాగా కూర్చున్నారు; వాటికి జత ఉపేంద్ర చేతిలో ఉంటే ఎనిమిదులు చిత్తే. ఉపేంద్ర తన బిళ్ళలన్నీ ముందుకు తోశాడు.

“ఇది వదిలేయండి వదినగారూ. తర్వాతి ఆటలో చూసుకుందురు.”

ఆమె చెయ్యి ఆగింది. కాఫీ అడిగినా, బిర్యానీ మళ్ళీ వడ్డించమన్నా ఇతనికి తను వట్టి వదినే. ఇతను కారు వెనక్కి తీస్తూ తమ ఇంటి పోస్టు డబ్బా గుద్దేసిన రోజున మాత్రం వదినగారయింది. తను ఇచ్చిన స్టీలు క్యారేజీ పోగొట్టిన రోజునా అంతే. ఏదో దాచాల్సి వస్తేనే ఇతని నోట గారు వస్తుంది.

మంగళ తన బిళ్ళలూ ముందుకు తోసింది. ఉపేంద్ర ముక్కలు తిప్పాడు. పదీ, నాలుగూ. దేనితోనూ కలవనివి. ఎనిమిదుల జతతోనే పోటీకి వెళ్ళే అవకాశం మంగళదయింది.

“అదెలా కనిపెట్టావు వదినా?” అన్నాడు. మీరు కాస్తా నువ్వు అయిపోయిందని అతను గమనించలేదు. చెప్పబోయి, నవ్వి ఊరుకుంది మంగళ.

మళ్ళీ శనివారం ఉపేంద్ర ముక్కల పాఠం చెప్పలేదు. ఆమె బిళ్ళలు తోసినప్పుడు ముఖంలోకి సూటిగా చూసి, “దబాయిస్తున్నావు” అంటూ తనవీ తోశాడు. దాచినా దాచకపోయినా ఇప్పుడు నువ్వే, గారు జాడే లేదు. ఇక అతన్ని పట్టుకునే దారి ఆమెకు తోచలేదు. అందరికంటే ముందు చిత్తుగా ఓడింది.

ఎవరూ పాపం అనలేదు. మంగళ తన కుర్చీని, వచ్చే శనివారానికని, గరాజ్‌లోనే వదిలి లోపలికి నడిచింది.