ఇల్లు చూడని హోం ప్లేయర్

నేను ఒక హోం మల్టీమీడియా ప్లేయర్‌ని. పేరులో హోం ఉంది గానీ, ఒక్క ఇంటి గడప తొక్కిన పాపాన పోలేదు. సినిమాలు, పాటలు, ఫొటోలు, ఏ సీడీ పెట్టినా ఆడించేలా నన్ను తయారు చేశారు. కంపెనీవాళ్ళు హోటల్లో మీటింగు పెట్టి, పైపైకి పాకే గీత ఒకటి తెర మీద చూపించి, త్వరలో నేను లేని ఇల్లే ఉండదన్నారు. బిర్యానీ తిన్న డీలర్లందరూ తలలూపారు. అందరికంటే గట్టిగా ఊపినవాడు సిరిసిల్ల విఠల్.

విఠల్‌ది వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం. ఆ క్యాసెట్లన్నీ వదిలించుకుని, మా డబ్బాలను కప్పుదాకా పేర్చాడు. "ఇది నడ్వకపోతే మళ్ల సాంచాల మీదికే పోవాలె" అన్నాడు భార్యతో. సాంచాలంటే మరమగ్గాలు. వాటి మోతకు తండ్రి చెవులు పోవడం కళ్ళారా చూసినవాడు.

నన్ను డెమో పీసుగా టీవీ పక్కన పెట్టాడు. సినిమాలు వేస్తే ఎవరూ ఆగలేదు. "మీ పెండ్లి క్యాసెట్ తెండ్రి, సీడీల ఎక్కించి చూపిస్త" అన్నాడు. ఇక చూడండి! జనం చుట్టాలను వెంటేసుకుని వచ్చారు. పోయిన మేనత్త కనిపిస్తే ఏడ్చారు. భోజనాల బంతిలో అలిగి లేచిన బావను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పించుకుని నవ్వారు. విఠల్ పోయించిన చాయ్ తాగి, "మస్తుంది మిషిను" అని మెచ్చుకుని వెళ్ళిపోయారు. పదిమందితో కూర్చుని చూసే పెళ్ళిని ఎవరింట్లో వాళ్ళు తలుపేసుకుని చూస్తారా? ఆ సంగతి కంపెనీ గీతకు తెలియదు. పాపం, విఠల్‌కీ తట్టలేదు.

బీడీలు చుట్టే సరోజన మాత్రం జనం లేని వేళ చూసుకుని వచ్చేది. భర్త భూమయ్య పోయి ఏడాది కాలేదు. పెళ్ళి సీడీ చూస్తూ కొంగు నోట్లో కుక్కుకునేది. ఒకరోజు నన్ను చూపించి అంది.

"విఠలన్నా, గీ డబ్బా నాకియ్యరాదా? ఈడ ఏడ్వరాకపాయె."

నా ఆనందం ఏమని చెప్పను!

"నలుగురు ముట్టింది నీకెందుకక్కా? దసరాకు సీలు డబ్బా ఇస్త. నీ చేతులతోనే ఇప్పుకుందువు" అన్నాడు విఠల్. మర్యాద కొద్దీ అన్న మాటే. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

దసరా రాకముందే ఫోన్లలో సినిమాలు వచ్చేశాయి. కంపెనీ లారీ వచ్చి సీలు డబ్బాలన్నీ తీసుకుపోయింది, విప్పిన పీసునని నన్ను వద్దంది. ఆ రోజే సరోజన సీడీ లోపల పెట్టగానే నా ట్రే బిగుసుకుపోయింది. ఆమె క్యాసెట్ అప్పటికే బూజు పట్టింది, ఉన్నది ఈ ఒక్క సీడీయే. మెకానిక్‌తో తీయించి ఇస్తానన్నాడు విఠల్. కానీ దుకాణం మూతపడి అతను మళ్ళీ సాంచాల పనికి పోయిన రోజుల్లోనే, గది అద్దెకిచ్చిన యజమాని దాన్ని ఖాళీ చేయించి నన్ను పాత సామాన్లవాడికి వేసేశాడు.

నిన్న విఠల్ ఈ పాత సామాన్ల కొట్టుకు వచ్చాడు. ఆనాడు ఇవ్వనన్న డబ్బా కోసమే కుప్పంతా తిరగేశాడు. నేను ఫ్రిజ్ తలుపు కింద ఉన్నాను. కరెంటు లేకపోతే నాకు నోరు లేదు.

"దొర్కలే అక్కా" అన్నాడు గేటు దగ్గర, సాంచాల మోత అలవాటై గట్టిగా అరుస్తూ.

"పోనీ తియ్యన్నా" అంది సరోజన.

నా కడుపులో ఆమె పెళ్ళి ఇంకా ఉంది. తలంబ్రాలు పట్టుకుని భూమయ్య ఎత్తిన చేతులు దించలేదు.