పదకొండు సంతకాలు

సౌదీలోని జిజాన్‌లో ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం మూడింటికి గాలి కూడా వేడినీళ్లలా ఒంటికి తగులుతుంది. ఆ వేళకు కంపెనీ కాంపౌండులోని ఆటస్థలంలో ఒక్క మనిషే కనిపించేవాడు. ఎర్రమట్టిని తడిపి, చదును చేసి, తాడు లాగి, డబ్బాలోంచి సున్నప్పొడి రాలుస్తూ బేస్‌బాల్ ఆటకు గీతలు గీసేవాడు. అయిదు కొట్టేసరికి అతను కంచె బయట ఉండాలి. అయిదింటికి ఆట మొదలవుతుంది. ఆట కాంపౌండులో కాపురముండే స్టాఫుకు మాత్రమే అని క్లబ్బు నిబంధన. నేల సిద్ధం చేసినవాడు ఆ నేల మీద ఆడకూడదన్న ఈ నిబంధనలో తప్పేముందని ఎవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే, అతను కూడా అడగలేదు.

అతని పేరు లింబాద్రి. నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ దగ్గరి పల్లె. ముప్పై ఒక్క ఏళ్లు. సౌదీకి వచ్చి ఏడేళ్లు దాటింది. పన్నెండు కిలోమీటర్ల దూరంలోని లేబర్ క్యాంపులో ఉండేవాడు. ఊళ్లో భార్య ఉమ, నాలుగేళ్ల కూతురు ఉన్నారు. కూతురికి తండ్రి అంటే ఫోన్‌లో కనిపించే ముఖమే. రెండేళ్లకోసారి ఇచ్చే సెలవు మే నెలలో వస్తుందని అతను రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

కాంపౌండులో అమెరికన్లకు, కొరియన్లకు, ఫిలిప్పీన్స్ వాళ్లకు ఒక్కో జట్టు ఉండేది. భారతీయులకూ ఒకటి ఉండేది కానీ ఏటా ఆఖరి స్థానం దానిదే. కెప్టెన్ వంశీధర్‌ది తెనాలి. ప్లాంటులో ఇంజనీరు. మాటకారి, నవ్వుముఖం. తెలుగువాడు కనిపిస్తే చాలు, భుజం మీద చెయ్యి వేసి పలకరించేవాడు.

అంతకుముందు డిసెంబరులో ఒక సాయంత్రం బంతి కంచె దాటి చాలా దూరం పోయింది. క్యాంపు బస్సు కోసం నిలబడ్డ లింబాద్రి దాన్ని తీసి విసిరాడు. బంతి నేల తాకకుండా వచ్చి నేరుగా వంశీధర్ చేతి తొడుగులో పడింది. వంశీధర్ ఒక్క క్షణం ఆ తొడుగు వంక చూసుకుని, అతన్ని లోపలికి పిలిచి చేతికి బ్యాటిచ్చాడు. చిన్నప్పుడు బిళ్లంగోడులాంటి చిర్రగోనె ఆటలో గాల్లోకి లేచిన చిర్రను కొట్టి కొట్టి లింబాద్రి చెయ్యి రాటుదేలి ఉంది. మూడో బంతి కంచె అవతల పడింది.

ఆ రోజు నుంచి లింబాద్రి వాళ్లకు తమ్ముడయ్యాడు. నిబంధన సంగతి తాను చూసుకుంటానని వంశీధర్ మాటిచ్చాడు. సాయంత్రం కూడా అతనికి మైదానంలో డ్యూటీ ఉన్నట్టు పాసు రాయించాడు. ఆటగాళ్ల జాబితాలో మాత్రం పేరు ఎక్కించలేదు. ఫైనల్‌కు ముందు క్లబ్బుతో మాట్లాడి ఎక్కిస్తానన్నాడు. లింబాద్రి నమ్మాడు. మన భాషలో మన వాడు చెప్పిన మాట కదా, నమ్మక ఏం చేస్తాడు?

చలికాలమంతా భారతీయుల జట్టు గెలుస్తూ పోయింది. నాలుగు ఆటల్లో మూడు లింబాద్రి చేతి మీదే గెలిచారు. ఆట అయ్యాక అందరూ కంచె పక్కన కూర్చుని ఇళ్ల నుంచి తెచ్చిన పులిహోర, గారెలు పంచుకునేవారు. అతనికి ఒక ప్లేటు ముందే తీసిపెట్టేవారు. ఏడేళ్లలో స్టాఫు పక్కన కూర్చుని అతను తిన్నది అదే మొదటిసారి. ఆ సంగతి ఉమకు ఫోన్‌లో రెండుసార్లు చెప్పుకున్నాడు.

జట్టుకు స్కోరు రాసేది ప్రేమలత. కాంపౌండు బడిలో చరిత్ర పాఠాలు చెప్పే టీచరు. వరంగల్ ఆమె పుట్టిల్లు. ఫైనల్ ఏప్రిల్ పదిహేనున పెట్టారని, ఆ రోజు అన్ని జట్ల వాళ్లూ నలభై రెండో నంబరు చొక్కాలే వేసుకుంటారని విని, అందరికీ ఒకే నంబరేమిటని లింబాద్రి ఆమెను అడిగాడు. అది జాకీ రాబిన్సన్ నంబరని ఆమె చెప్పింది. అమెరికాలో నల్లవాళ్లను పెద్ద జట్లలోకి రానివ్వని కాలం. వాళ్లకు వేరే జట్లు, వేరే మైదానాలు. వెయ్యిన్ని తొమ్మిది వందల నలభై ఏడు ఏప్రిల్ పదిహేనున ఆ ఒక్క మనిషి ఆ గోడ దాటి మైదానంలో అడుగుపెట్టాడు. హోటళ్లు అతనికి గది ఇవ్వలేదు. చంపుతామని ఉత్తరాలు వచ్చాయి. అతనితో కలిసి ఆడబోమంటూ అంతకుముందే సొంత జట్టులో కొందరు కాగితం రాసి సంతకాలకు తిప్పారు.

లింబాద్రి అంతా విని అడిగాడు. "అందరు పెట్టిండ్రా మేడం సంతకం?"

"లేదు. నేను పెట్టనని తేల్చి చెప్పినవాళ్లున్నారు. వాళ్లు పెట్టకపోబట్టే ఆ కాగితం నిలవలేదు."

"గట్లనా. ఆయనకు బలం గదే కావచ్చు."

ఆమెకు ఆ మాట ఎంతో నచ్చింది. ఫైనల్ రోజున రాబిన్సన్ గురించి మాట్లాడే బాధ్యత క్లబ్బు ఆమెకే అప్పగించింది. ఈ మాట కూడా అందులో చెబుతానని లింబాద్రితో అంది.

ఏప్రిల్ మొదటి వారంలో క్లబ్బుకు ఒక ఫిర్యాదు వచ్చింది. భారతీయుల జట్టులో మెయింటెనెన్స్ కూలీ ఆడుతున్నాడని, అతను స్టాఫు కాదని. ఎవరు ఇచ్చారో తెలియదు. వంశీధర్‌ను క్లబ్బు కార్యదర్శి పిలిచి రెండు దారులు చూపించాడు. నిబంధన తప్పామని ఒప్పుకుంటే జట్టు ఫైనల్ నుంచి తప్పుకోవాలి. అలా కాదంటే, ఆ మనిషికీ జట్టుకూ సంబంధం లేదని రాసివ్వాలి.

మూడో దారి ఒకటుంది. ఇతను మా వాడే, మేమే పిలిచాం, నిబంధన మార్చండి అని అడగొచ్చు. రాబిన్సన్ పేరు మీద పండగ చేసుకుంటున్న క్లబ్బు ఆ మాటను అంత తేలిగ్గా కాదనలేకపోయేదేమో. కానీ అలా అడగాలంటే కప్పు పోయినా పరవాలేదనుకోవాలి. ఆ రాత్రే కాగితం తయారైంది. జట్టుకు చెందిన పదకొండు మందీ సంతకాలు పెట్టారు.

లింబాద్రికి ఇవేవీ తెలియవు. ఎనిమిదో తారీఖు పొద్దున ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, తన గదికి పిలిపించి, ఇన్జార్ అనే హెచ్చరిక పత్రం చేతికిచ్చాడు. దానికి జతగా ఇంగ్లీషు కాగితం ఒకటి ఉంది. మైదానం పని తీసేశామని, రేపటి నుంచి మురుగునీటి ట్యాంకర్ల దగ్గర పని అని చెప్పాడు. మే సెలవు ఆరు నెలలు వెనక్కి వెళ్లింది. ఇలాంటిదే ఇంకొకటి వస్తే దేశం నుంచి పంపించేస్తామన్నాడు.

క్యాంపు బస్సు నడిపే బాబ్జాన్‌కు ఇంగ్లీషు చదవడం వచ్చు. రాయచోటి మనిషి, యాభై దాటిన వయసు. సీట్లో కూర్చుని కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివి చెప్పాడు. సదరు కూలీ మైదానం డ్యూటీని అడ్డం పెట్టుకుని ఆట జరిగేటప్పుడు తనంతట తానే లోపలికి చొరబడుతున్నాడు. వద్దన్నా వినలేదు. అతను మా జట్టు మనిషి కాడు. అంతే, మూడు వాక్యాలు.

"కింద పేర్లుండాయి," అన్నాడు బాబ్జాన్. "చదవల్లా, వద్దా?"

"చదువు భాయ్."

బాబ్జాన్ ఒక్కో పేరూ చదివాడు. ఒక్కో పేరు వింటుంటే లింబాద్రికి ఒక్కో ముఖం కనిపించింది. పులిహోర పెట్టిన చేతులు కనిపించాయి. పది అయ్యాయి.

"ఇంకొకటుంది," అని బాబ్జాన్ తల ఎత్తకుండానే చదివాడు. "ప్రేమలత."

లింబాద్రి ఆ కాగితం తీసుకుని, తనకు రాని ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఆమె పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. బాబ్జాన్ చూపించాడు. దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బస్సు తియ్యమన్నాడు.

మర్నాడు ట్యాంకర్ పని మధ్యలో అనుమతి అడుక్కుని వంశీధర్ దగ్గరికి వెళ్లాడు. వంశీధర్ ఏసీ గదిలోంచి బయటికొచ్చి, చెట్టు నీడకు తీసుకెళ్లి, అలవాటు ప్రకారం భుజం మీద చెయ్యి వేశాడు. జట్టంతా పోకుండా ఉండాలంటే వేరే దారి లేకపోయిందని, అది పేరుకి కాగితమేనని, పండగ కాగానే ముదీర్‌తో తానే మాట్లాడతానని చెప్పుకొచ్చాడు.

లింబాద్రి ఆ చేతిని మెల్లగా పక్కకు తీశాడు. "ఆడనియ్యం అంటే ఊకుంటుంటి సార్. ఏడేండ్లు బయటనే ఉన్న గదా. పిలిచింది మీరు. చొరబడ్డడని రాసింది మీరే. దొంగను చేసిండ్రు గదా నన్ను."

వంశీధర్ వాచీ చూసుకున్నాడు. మీటింగుకు ఆలస్యమవుతోందని లోపలికి వెళ్లిపోయాడు.

పదిహేనో తారీఖు సాయంత్రం మైదానం చుట్టూ రంగుల జెండాలు కట్టారు. కుర్చీలు మోయడానికి క్యాంపు నుంచి ఇరవై మందిని రప్పించారు. వాళ్లలో లింబాద్రి ఒకడు. అతను కుర్చీలు వరుసగా వేశాడు. తనతో కలిసి తిన్నవాళ్లు నలభై రెండో నంబరు చొక్కాలు తొడుక్కుని పక్కనుంచే వెళ్లారు. ఇద్దరు తల తిప్పుకున్నారు. ఒకడు అలవాటుగా నవ్వబోయి, సగంలో ఆపేసుకున్నాడు.

మొదట క్లబ్బు కార్యదర్శి, ఆ తర్వాత వంశీధర్ మాట్లాడారు. ఆ మహానుభావుడు తలుపు తెరిచాడు కాబట్టే ఈ రోజు ఇన్ని దేశాల వాళ్లం ఒకే మైదానంలో నిలబడ్డామని వంశీధర్ అంటే అందరూ చప్పట్లు కొట్టారు. కుర్చీల వెనక నిలబడ్డ ఇరవై మందిలో కొందరికి ఇంగ్లీషు రాక, అందరూ కొడుతున్నారు గనక వాళ్లూ కొట్టారు.

తర్వాత ప్రేమలత లేచింది. నాలుగు పేజీల ప్రసంగం రాసుకొచ్చింది. మొదటి రెండు పేజీలు బాగానే చదివింది. జట్టువాళ్లు కాగితం తిప్పిన చోటికి వచ్చేసరికి తల ఎత్తింది. ఎదుట ఆఖరి వరుస వెనక లింబాద్రి నిలబడి ఉన్నాడు. ఆమె పేజీలు మడిచేసింది.

"అలాంటి కాగితమే ఒకటి ఈ నెల ఈ క్లబ్బులో రాశాం," అని ఇంగ్లీషులోనే అంది. "మేం పిలిస్తే వచ్చిన మనిషిని చొరబడ్డాడని రాశాం. అది అబద్ధం. అందులో పదకొండో సంతకం నాది. అప్పటికే పది ఉన్నాయి, నాదొక్కటి ఆపితే ఏం మారుతుందనుకున్నాను. ఆ కాలంలో ఒక్కొక్కరు ఆపడం వల్లే ఆ కాగితం ఆగిందని పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే. రాబిన్సన్ గురించి మాట్లాడే అర్హత నాకు లేదు." చొక్కా మీద వేసుకున్న నంబరు గుడ్డను విప్పి బల్ల మీద పెట్టి, ఆమె దిగిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి కార్యదర్శి మైకు తీసుకుని ఆట మొదలవుతుందని ప్రకటించాడు. ఆట మొదలైంది కూడా. మిగిలిన పదిమందిలో ఒక్కరు కూడా చొక్కా విప్పలేదు. భారతీయుల జట్టు ఆ రోజు ఓడిపోయింది. గెలిచి ఉంటే మాత్రం ఏం మారేది?

ఆట అయ్యాక ప్రేమలత కుర్చీల వెనక్కి నడిచి వచ్చింది. మైకులో అన్న మాటలే తెలుగులో మళ్లీ చెప్పి, తన సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు ముదీర్‌కు రాసిస్తానంది. క్షమించమని అడిగింది. లింబాద్రి అప్పటికే ఖాళీ కుర్చీలు ఒకదానిలో ఒకటి పెడుతున్నాడు. పని ఆపి, ఆమెను నిలబెట్టి మాట్లాడటం మర్యాద కాదన్నట్టు ఒక కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఇయ్యాల మీరు నిజం జెప్పిండ్రు మేడం. మంచిదే. మీకు పానం నిమ్మలమైతది," అన్నాడు. "గని సంతకం పెట్టేనాడు చెప్పుంటే, మే నెలల నా బిడ్డను ఎత్తుకుంటుంటి."

ఆమె రాసిచ్చింది. పదకొండింటిలో ఒకటి తగ్గితే పది మిగులుతాయని ముదీర్ కార్యాలయం జవాబిచ్చింది. లింబాద్రి ఇన్జార్ అలాగే ఫైలులో ఉండిపోయింది. అతను నవంబరులో ఊరికి వెళ్లాడు. గుమ్మంలో నిలబడ్డ అతన్ని చూసి కూతురు తల్లి వెనక దాక్కుంది. దగ్గరికి రావడానికి మూడు రోజులు పట్టింది.

ఆ తర్వాతి ఏడాది క్లబ్బు, క్యాంపు వాళ్లకు నెలకో శుక్రవారం మైదానం వదిలింది. లింబాద్రిని రమ్మని కబురు పంపారు. అతను వెళ్లలేదు. బాబ్జాన్ ఎందుకని అడిగితే, చెయ్యి ఆడుతుంది గానీ మనసు ఆడదన్నాడు.

గోడలు పగలగొట్టిన మనుషులకు మనం విగ్రహాలు పెడతాం, దండలు వేస్తాం, వాళ్ల పుట్టినరోజున ఉపన్యాసాలిస్తాం. అవన్నీ చేస్తున్నప్పుడే కొత్త గోడ ఒకటి మన చేతుల మీదుగా లేస్తుంది. రాయి ఎత్తినవాడు ఒకడే అయినా, పక్కన నిలబడి ఊరుకున్నవాళ్లందరి చెయ్యీ అందులో ఉంటుంది. ఆ మహానుభావుడి నంబరు ఎవరైనా తొడుక్కోవచ్చు. ఆయన్ను నిజంగా గౌరవించాలంటే మాత్రం, తోటివాడి మీద రాసిన అబద్ధం మన ముందుకు వచ్చిన రోజున, అప్పటికి ఎన్ని సంతకాలున్నా సరే, కలం కింద పెట్టెయ్యాలి.